సాయంత్రం రాని మెసేజ్

మంగళవారం ఉదయం

చిన్నోడా,

నా మీద కోపంతో ఈ కాగితం చింపేసేలోపు ఒక్క ముక్క చదువు. మన ఆక్సిజన్ కొట్టు సిస్టమ్ ఆగిపోయింది. రోజూ చీకటి పడే వేళకి "ఈరోజు ఇళ్లన్నీ అయ్యాయి" అని మనిద్దరి ఫోన్లకీ వచ్చే మెసేజ్ నిన్న నాకు రాలేదు. నన్ను తీసేశావు కాబట్టి రాలేదనుకుని ముందు ఏడ్చాను. తర్వాత అనుమానం వచ్చి డ్రైవరు బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన ఫోన్‌లోనూ నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్క ఆర్డరూ లేదు. ఊళ్లో అందరి ఊపిరితిత్తులూ ఒకేసారి బాగుపడ్డాయా? ఆర్డర్లు లేవేమోనని మనవాళ్లు టీ తాగుతూ కూర్చున్నారట. అక్కడ ఇళ్లల్లో ఆక్సిజన్ సిలిండర్లు అయిపోతున్నాయిరా.

కారణం నేను చెప్తా విను. ఆ సాఫ్ట్‌వేరులో నా అకౌంట్ మూసేశావు. నేను ఇల్లు చేరిన కాసేపటికే మూసేసి ఉంటావు, నీకు కోపమొస్తే చెయ్యి ఆగదు కదా. ఆ అవమానం చూడలేక నేను మళ్లీ లాగిన్ అయి చూడలేదు. కానీ ఆ పనులన్నీ నా పేరు మీద నడుస్తున్నాయి. మొదలుపెట్టిన రోజు గుర్తుందా? నాన్న పోయాక గోడ మీద సుద్దబోర్డూ, డ్రైవర్ల చొక్కా జేబుల్లో చీటీలూ, ఆ చీటీలు చొక్కాలతో పాటు ఉతుక్కి పోవడాలూ! నేను క్లౌడంటే "వానొస్తే తడుస్తుందా అక్కా" అని వెక్కిరించావు. చిన్న పనితో మొదలుపెట్టాం. ఇంటివాళ్లు మిస్డ్ కాల్ ఇస్తే ఆర్డరు దానంతటదే డ్రైవరు ఫోన్‌కి వెళ్లాలి, అంతే. అది కుదిరాక డ్రైవరు "ఇచ్చాను" అని నొక్కగానే మళ్లీ ఎప్పుడివ్వాలో లెక్క కట్టడం, ముందురోజు గుర్తుచెయ్యడం, ఒక్కొక్కటీ తగిలించాను. కొట్టు పేరు మీద వేరే అకౌంట్ తెరుద్దామంటే "ఇప్పుడెందుకక్కా, నీ దాంట్లోనే కానిచ్చెయ్" అన్నది నువ్వే.

అదే నోటితో నిన్న డ్రైవర్లందరి ముందూ ఏమన్నావు? "నాన్న కొట్టుని నీ ఫోన్‌లో పెట్టుకుని ఊరేగుతున్నావు" అన్నావు. సిలిండరు పంపే ముందు ఒక మనిషి ఇంటికి ఫోన్ చేసి "ఎలా ఉన్నారు, గేజి ముల్లు ఎక్కడుంది" అని అడగాలన్నందుకా ఆ మాట? మనిషే అడిగేటట్టయితే ఇంక మెషీనెందుకని నేను సిస్టమ్‌లో పెట్టిన ఆ మెట్టు పీకేశావు. పోనీ, పీకెయ్. నన్ను దొంగని చేశావు చూడు, అది మాత్రం మింగుడుపడటం లేదు. ఇంటికి రాగానే చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? పాస్‌వర్డ్ మార్చేశాను. నా పేరు చాటున ఎవరో ఏదో చేసి నా మీద నిందలెయ్యకూడదని.

అదంతా తర్వాత తిట్టుకుందాం. నా నంబరు బ్లాక్ చేశావు, మెయిలూ తిరిగొచ్చేస్తోంది. అందుకే బాబాయ్ చేతికిచ్చి పంపుతున్నా. ముందు నా అకౌంట్ తెరిపించు. అది కుదిరేదాకా ఇళ్లన్నిటికీ ఫోన్లు చెయ్యి. గడప తొక్కొద్దన్నావు కాబట్టి రాను. కానీ ఇది అలకలు తీర్చుకునే సమయం కాదురా.

నీ అక్క

---

బుధవారం మధ్యాహ్నం

చిన్నోడా,

ఉత్తరం సొరుగులో పడేశావట. సిస్టమ్ ఆగిందని బాబాయ్ నోటితో చెప్తే "అక్క బెదిరిస్తోందిలే" అని నవ్వి, లోపలికెళ్లి తలుపేసుకున్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నా ఒళ్లు మండిపోతోంది. మీ బావ "నువ్వు చెప్పాల్సింది చెప్పావు, ఇక వదిలెయ్" అన్నారు. ఎలా వదిలెయ్యను?

ఈ పొద్దున టైలరుగారింటికి వెళ్లాను. ఆయనే ఎందుకంటే, ఆయనకి ఇవాళో రేపో సిలిండరు మార్చాలని నాకు గుర్తుంది. తలుపు తీసే ఉంది. ఆయన కుట్టుమిషను మీద రెండు చేతులూ ఆనించి, ముందుకి వంగి కూర్చున్నారు. పడుకుంటే ఊపిరాడటం లేదట. గేజి ముల్లు ఎర్రగీత కిందకి దిగిపోయింది. అయిపోతుందేమోనని ఆయన భార్య గాలి తగ్గించి పెట్టింది. నిన్న కూడా మిస్డ్ కాల్ ఇచ్చిందట. "మీరు పంపిస్తారు కదమ్మా, ఎప్పుడూ పంపిస్తారు కదా, మళ్లీ మళ్లీ చేసి విసిగించడం ఎందుకని ఊరుకున్నాం" అంది. మనల్ని నమ్మడం వల్లే ఆవిడ ఇంకో చోటికి ఫోన్ చెయ్యలేదురా.

ఆటోలో పెద్ద బజారు కొట్టుకి పరుగెత్తాను. అవును, మన పోటీవాళ్ల దగ్గరికే. సిలిండరు తెచ్చి, స్పానరు సరిగ్గా పట్టక నానా తంటాలూ పడి బిగించాను. ఆయన పెదాలకి రంగు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. ఆయన కళ్లు తెరిచి ముందు అన్న మాట, "మీ తమ్ముణ్ణి వచ్చి చొక్కా కొలతలివ్వమను, కుట్టి ఎన్నాళ్లయిందో" అని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ పోటీ కొట్టాయన నన్ను వాళ్ల దగ్గర చేరమన్నాడు. ఇదే పని, వాళ్లకీ మొదలుపెట్టి పెట్టమన్నాడు. ఆలోచించి చెప్తానన్నాను. నీ దగ్గర దాచడం ఇష్టం లేక రాస్తున్నా. రేపు పొద్దున మాత్రం కొట్టుకి వస్తున్నాను. మెడ పట్టి గెంటినా సరే, ఇళ్లన్నిటికీ సిలిండర్లు అందాయని తెలుసుకుని, ఆ తర్వాతే అతనికి జవాబు చెప్తాను. ఇది కూడా సొరుగులో వేస్తే నువ్వు నాన్న కొడుకువి కావు.

అక్క

---

బుధవారం సాయంత్రం

అక్కా,

నీ ఉత్తరాలు రెండూ ఇవాళే వరసగా చదివాను. మొదటిది తెరవకపోవడానికి కారణం పొగరు కాదు. అందులో "ఇక రాను" అని ఉంటుందని భయపడ్డాను. తెరవకపోతే నువ్వు వెళ్లిపోనట్టే కదా అనుకున్నాను. చిన్నప్పుడు మార్కుల కాగితం పరుపు కింద దాచినట్టే.

సాయంత్రం మెసేజ్ నాకూ రాలేదక్కా. బెదిరిస్తోందని డ్రైవర్ల ముందు అన్న మాట నిజమే, వాళ్ల ముందు ఇంకేమనాలో తెలియలేదు. తలుపేసుకున్నది ఫోన్లు చెయ్యడానికి. నాన్న సుద్దబోర్డు మూల నుంచి బయటికి తీసి, దాని మీదున్న ఇళ్లన్నిటికీ నిన్న పొద్దుపోయేదాకా, ఇవాళంతా చేశాను. నువ్వు పెట్టమన్న ప్రశ్నే అడిగాను, ఎలా ఉన్నారు, ముల్లు ఎక్కడుంది అని. ఒకావిడ ముల్లు బాగానే ఉందంటోంది కానీ మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతోంది. వెంటనే బండి పంపాను. ట్యూబు మడత పడిపోయి ఉందట. ఆ ఆయాసం మెషీనుకి ఎలా వినపడుతుంది? నువ్వు గొంతు చించుకుని చెప్పింది ఇదే. నాకు విన్నాకే అర్థమైంది.

టైలరుగారు బోర్డు మీద లేరు. ఆయన మన సిస్టమ్ వచ్చాక చేరిన మనిషి. మిగతా కొత్త ఇళ్లు డ్రైవర్లకి గుర్తున్నాయి, ఆయనొక్కరే తప్పిపోయారు. నీ ఉత్తరం చదువుతూనే లేచి పరుగెత్తాను. నువ్వు బిగించిన సిలిండరు చూసి గుమ్మంలో కూలబడ్డాను. నువ్వు వెళ్లకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించే ధైర్యం లేదు.

ఇంకో సంగతి. నీ అకౌంట్ నేను మూయలేదక్కా. మెయిల్ రాకుండా ఆపాను, ఫోన్ బ్లాక్ చేశాను, అవి నా పాపాలే. అకౌంట్ జోలికి మాత్రం పోలేదు, దాని మీద నీ ఫోటో ఉంది, నొక్కబుద్ధి కాలేదు. సాఫ్ట్‌వేరు కంపెనీవాళ్లని అడిగితే చెప్పారు, సోమవారం మధ్యాహ్నం పాస్‌వర్డ్ మారిందట. అప్పుడే మన కనెక్షన్లన్నీ తెగిపోయాయట. పాత పాస్‌వర్డ్‌తో తలుపు కొడుతూనే ఉన్నాయి, లోపలికి రానివ్వలేదు. నీ మొదటి ఉత్తరం ఇంకోసారి చదువుకో.

వద్దు, ఏడవకు. నీకు తెలియదు, నాకూ తెలియదు. ఆ మాట అనకపోతే నువ్వు పాస్‌వర్డ్ మార్చేదానివే కాదు. నిన్ను దొంగని చేసింది నేను. డ్రైవర్ల ముందు అన్నాను కాబట్టి ఇవాళ వాళ్ల ముందే తప్పని చెప్పాను. బాబాయ్ నన్ను ఓదార్చకుండా "ఇప్పటికైనా" అన్నాడు.

కొట్టు పేరు మీద అకౌంట్ తెరిచాను. అన్నీ అందులోకి మార్చాలంటే నువ్వు వచ్చి లాగినవ్వాలట. ఫోన్ చేసి అడిగే మెట్టు మళ్లీ పెట్టు. ఆ ఫోన్లు నేను చేస్తాను. పోటీవాడికి ఏం చెప్తావో నీ ఇష్టం, ఆ సిలిండరుకి మాత్రం నా తరఫున దణ్ణం పెట్టు.

మెసేజ్ ఇంకా రాదు కాబట్టి చేత్తోనే రాస్తున్నా. ఈరోజు ఇళ్లన్నీ అయ్యాయి, మీ ఇల్లొక్కటే మిగిలింది. ఈ ఉత్తరం తలుపు కిందనుంచి తోసింది బాబాయ్ కాదు, నేనే. బయట మెట్ల మీద కూర్చున్నాను, తలుపు తియ్యక్కా.

నీ చిన్నోడు