ఫ్యాన్ బెల్టు విప్పకుండా వాగులో దిగిన రోజు

ధర్మపురి,
కార్తీక మాసం.

అక్కా, నీ పాదాలకు తమ్ముడు నారాయణ నమస్కారాలు. నువ్వూ, బావా, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. బావ మోకాలినొప్పి తగ్గిందా? నా ఒంటికేమీ కాలేదు, ఆ దిగులు పెట్టుకోవద్దు. నెల రోజులుగా ఉత్తరం రాయనిది పని ఎక్కువై కాదు, సిగ్గుతో.

ఇక్కడ ఒకటే వాన. ఉతికిన చొక్కా మూడు రోజులైనా ఆరదు. సంగటి దొరుకుతుంది గాని నీ చేతి ఊరిమిండి పచ్చడి లేక ముద్ద దిగదు. వీధిలో అంతా తమిళం. షెడ్డులో మాత్రం తెలుగే, ఎందుకంటే మా పెద్ద మెకానిక్ మునెప్ప వాళ్లింట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడుతారు.

షెడ్డు యజమాని తన జీపును బస్సు పోని ఊళ్లకు బాడుగకు తిప్పుతాడు; దాన్ని నడిపేది నేనే. వానల్లో వాగులు దాటాలి. అందుకని మునెప్ప జీపును సిద్ధం చేస్తాడు. ఇంజన్ మీద కరెంటు తీగలు కలిసేచోట గ్రీజు పూసి, పాత ట్యూబు ముక్కతో చుట్టి కడతాడు. పొగగొట్టానికి రబ్బరు గొట్టం తగిలించి పైకి లేపి కడతాడు. నీళ్లలో దిగే ముందు ఫ్యాన్ బెల్టు విప్పడం మాత్రం డ్రైవరు పని. విప్పకపోతే ఫ్యాను నీళ్లను ఇంజన్ మీదికి చిమ్ముతుంది.

ఆ రోజు హొగేనక్కల్ వైపు ఒక పల్లెలో కాన్పు కష్టమైందని ఆసుపత్రి నర్సమ్మను తీసుకుని బయలుదేరాను. మునెప్ప వెనకనుంచి కేకేశాడు: “బెల్టు మరిచేవు, నారాయణా!”

నేను మరవలేదక్కా. వాగు దగ్గర నలుగురు నిలబడి చూస్తున్నారు. బురదలో వంగి బెల్టు విప్పుతుంటే చేతగానివాడనుకుంటారని, నీళ్లు మోకాలి లోతేగా అని, అలాగే దింపాను. నట్టనడుమ ఇంజన్ ఆగిపోయింది. నీళ్లు సీటు దాకా వచ్చాయి. నర్సమ్మను కదలొద్దన్నాను.

“నువ్వు కదలొద్దని చెప్తే ఆ పిల్ల నొప్పులు ఆగవు కదప్పా” అని నర్సమ్మ సంచి నెత్తిన పెట్టుకుని దిగింది. రాయి మీద కాలు జారి పడింది. చేపలు పట్టేవాళ్లు తాడు విసిరి ఆమెను ఒడ్డుకు చేర్చారు. ఎడమ మణికట్టు వాచిపోయినా, నడిచి పల్లె చేరి, ఆ ఇంటి ఆడవాళ్లను పక్కన పెట్టుకుని కాన్పు చేసింది. దేవుని దయవల్ల తల్లీ బిడ్డా క్షేమం.

ఇంతవరకైతే పొరపాటని రాసేవాణ్ణి. యజమాని అడిగినప్పుడు, “మునెప్ప ట్యూబు సరిగ్గా కట్టలేదు, లోపలికి నీళ్లు దిగాయి” అన్నాను. నా నోటితోనే అన్నానక్కా. “కండ్లు కనపడనోడివి, ఇంట్లో ఉండుపో” అని యజమాని ఆయన్ను పంపేశాడు. మునెప్ప నా వైపు ఒకసారి చూసి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

నాలుగో రోజు నర్సమ్మ చేతికి కట్టుతో షెడ్డుకు వచ్చింది. “ఆ పెద్దాయన యాడ? బెల్టు గురించి కేకేసింది నా చెవులారా విన్నా” అంది. నన్నే చూస్తూ నిలబడింది. యజమానికి అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చెయ్యి చాచాడు. జీపు తాళం ఇచ్చేశాను.

అక్కడినుంచి నేరుగా సోగత్తూరులో మునెప్ప ఇంటికి నడిచాను. గడపలో నిలబడి చెప్పుకున్నాను. తిడతాడనుకున్నాను.

“చెప్తావని మూడు దినాలు చూస్తి. ఈ పొద్దన్నా వచ్చినావు. కూర్చో, తిను” అని తన పళ్లెం నా ముందుకు జరిపాడు.

యజమాని ఆయన్ను మళ్లీ పిలిపించాడు. ఇప్పుడు నేను డ్రైవరును కాను, మునెప్ప చేతి కింద మనిషిని. గ్రీజు పూయడం, ట్యూబు కట్టడం నేర్చుకుంటున్నాను. నేను కట్టింది ఆయన విప్పి, మళ్లీ కట్టమంటాడు. పని ఉంది, తిండి ఉంది, బెంగపడవద్దు. వీలైతే ఎవరి చేతనైనా ఒక పాత దుప్పటి పంపు.

బావకు నా నమస్కారాలు చెప్పి, ఈ ఉత్తరం చదివి వినిపించు. మునెప్ప మీద అబద్ధం చెప్పిన చోటు దాటేయవద్దు. అది విన్నాక కూడా బావ నన్ను దీవిస్తే, ఆ మాట రాయి.

నీ తమ్ముడు,
నారాయణ