కత్తుల ఆటలో నేను కదలకుండా నిలబడిన పొద్దు

ఆదివారం రాత్రి, హిందూపురం

నా స్నేహితుడు మస్తాన్ వీడియో గేముల అంగడి పెట్టినప్పటి నుంచి మేమిద్దరం ఆడతాండే కత్తుల గేముకు కొత్త భాగం వచ్చింది. ఆడదామని పెనుకొండలో వాళ్లింటికి పోతిని. ఎప్పట్లాగే నాది బల్లెం, వాడిది పెద్ద కత్తి. గేములో మా మనుషులకు ఒక్క తెల్లెంటిక గూడా రాలేదు. వయసంతా మాకే వదిలినట్టుండారు.

షుగరు వాడి కండ్లను తినేసింది. టీవీకి ముక్కు ఆనించి, "యాడుండావప్పా?" అంటాడు.

"ఈడే, నీ ముందరే."

"గేములో ఆ పాట ఆపు. అడుగుల చప్పుడుతో పట్టుకుంటా."

పాట ఆపితిని. నన్ను కొట్టి గెలవనీలే పాపం అని నా మనిషిని కదిలించకుండా పెట్టినా. వాడు రెండేట్లు వేసి ఆగిపోయినాడు.

"చప్పుడే లేదే! దిష్టిబొమ్మ మాదిరి నిలబడినావా? కండ్లు పోతాంటే ఏడవలేదబ్బా. ఇప్పుడు ఏడుపొస్తాంది."

ఆమీట నిజంగానే ఆడితిని. వాడు ఒక్కటి గూడా గెలవలేదు. "అద్దీ! మళ్లా వారం రా" అని నవ్వినాడు.

పోతాను. కానీ ఇంకమీద వాడు నిజంగా గెలిచినా నమ్ముతాడా...