కాళ్ళు తుడిచిన తువ్వాలు

పెందుర్తి,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మా ఇంద్రజా,

మావ రాసిన కవరు చూడగానే పొయ్యిలో పెడతావేమో. చదివాక పెట్టు, అడగను. ఫోనులో అయితే చందు పేరు రాగానే పెట్టేస్తాను. కాగితమైతే తడబడినా కొట్టేసి రాసుకోవచ్చు. నేను బడికెళ్ళింది అయిదు దాకానే, మిగతా చదువంతా పకోడీ పొట్లాలు విప్పి చదివిందేనని నీకు తెలుసు.

ముందు కాంగో సంగతి చెప్పాలి. మన మెనోనైట్ క్రైస్తవ సంఘం ఆటోనగర్లో రేకుల షెడ్డు వెనక ముప్ఫైమందిమే గానీ, కాంగో, ఇథియోపియా, పరాగ్వే, కెనడా, ఎక్కడ చూసినా మనవాళ్ళున్నారు. జనవరిలో ఒక ఆదివారం అందరూ ఒకరికోసం ఒకరు ప్రార్థన చేస్తారు. పోయిన జనవరిలో ఆ రోజునే మన దగ్గర కాళ్ళు కడిగే ఆచారం పెట్టారు. చందు పోయి అప్పటికి రెండు నెలలు. రొట్టె, ద్రాక్షరసం తీసుకోను ప్రభువు బల్ల దగ్గరకు రావాలంటే, ఎవరిమీద కోపముందో వాళ్ళ కాళ్ళు ముందు కడగాలి కదా. షెడ్డు యజమాని, మన సంఘపెద్ద తిరుమలరావు నా ఎదురుగా కూర్చుని చెప్పులు విప్పాడు. ఏడుస్తున్నాడు. అందరూ చూస్తున్నారు. కడిగాను, తువ్వాలుతో తుడిచాను, కొడుకుని పోగొట్టుకున్న తండ్రిగా నిన్ను క్షమించాను అని ఆయనతో అన్నాను. నువ్వు వెనక వరసలోంచి లేచి వెళ్ళిపోయావు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

పాస్టరు నరేష్ గారు ఆ ఫొటో దేశదేశాల సంఘాలకు పంపారు. ఉత్తరాలొచ్చాయి. పరాగ్వేలో ఒకాయన నామీద పాట కట్టాడట. పెందుర్తి కిళ్ళీకొట్టువాడికి కూడా పేరు తెలియని ఈ వరహాలు మీద! కొన్నాళ్ళు గొప్పగానే ఉంది, అబద్ధమెందుకు. పోయిన నెల కాంగో నుంచి కబేదీ అనే ఆవిడ రాసింది. యుద్ధంలో మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. పాస్టరు గారు ఫోనులో తెలుగు చేసి చదివారు. "అయ్యా, ఫొటో చూశాను. చనిపోయినవాడి భార్య ఇందులో ఎక్కడ? ఆమెను ఎవరైనా అడిగారా?" అంతే ఉంది. పాస్టరు గారు ఫోను జేబులో పెట్టుకుని వాన గురించి మాట్లాడారు.

నేను బాప్తీస్మం తీసుకున్నది నలభై రెండో ఏట, భీమిలి సముద్రంలో. అల కొట్టి పాస్టరు గారూ నేనూ ఇద్దరం మునిగాం, అది వేరే కథ. ఆ రోజు నాకు మన విశ్వాసంలో పూర్వీకుడొకాయన గురించి చెప్పారు. దాదాపు అయిదువందల ఏళ్ళ కిందట, ఈ విశ్వాసం పట్టుకున్నందుకు తనని తరుముతున్నవాడు గడ్డకట్టిన చెరువు మీద మంచు విరిగి నీళ్ళలో పడితే, ఈయన వెనక్కొచ్చి పైకి లాగాడు. వాళ్ళు ఈయన్నే పట్టుకుని మంటల్లో కాల్చేశారు. ఆ కథ చెప్పినప్పుడల్లా నాకు కళ్ళనీళ్ళొచ్చేవి. కాంగో ఆవిడ ఉత్తరం విన్నాక ఒకటి తోచింది. ఆయన ఇచ్చింది తన ప్రాణం. నేనిచ్చింది నీ బతుకు.

ఇక అసలు సంగతి. తిరుమలరావు షెడ్డులో ఇంజను ఎత్తే గొలుసు తెగి, పనిలో ఉన్న చందు మీద ఇంజను పడిన రోజు, గేటు దగ్గర వాచ్‌మన్ని నేనే. గొలుసు అరిగిపోయిందని వాడు రెండుసార్లు చెప్పడం విన్నాను. "ఈ వారం కానిచ్చీరా" అన్నాడు తిరుమలరావు. పోలీసులు వచ్చేలోగా కొత్త గొలుసు బిగించారు. తెగిన లింకు ఒకటి చందు చెప్పు పక్కన పడి ఉంటే జేబులో వేసుకున్నాను. పోలీసాయన అడిగితే "నాకేటీ తెల్దు బాబూ" అన్నాను. నువ్వు సాక్ష్యం చెప్పమని బతిమాలితే, సహోదరుడి మీద కోర్టుకెక్కం, ఒట్టు వెయ్యం, అది మన విశ్వాసం అని నీకే పాఠం చెప్పాను. మనవాళ్ళు ఒట్టు వెయ్యనిది ప్రతి మాటా నిజమే అయి ఉండాలని. నేను ఒట్టూ వెయ్యలేదు, నిజమూ చెప్పలేదు. మన ప్రార్థన స్థలం తిరుమలరావుది. ఆయనకి ఎదురు తిరిగితే ఆ ముప్ఫైమంది కూడా నాకు మిగలరని భయం.

ఆ లింకు, నేను కాళ్ళు తుడిచిన తువ్వాల్లోనే చుట్టి ట్రంకుపెట్టెలో ఉంది. పదహారో తారీఖున కోర్టులో చెబుతాను. నీ కేసు చూస్తున్న అనూరాధ లాయరమ్మకి మాటిచ్చాను. నిన్ను క్షమించమని అడగను. ఆ మాటని నేనే పాడుచేశాను.

నీ మావ,
వరహాలు


పెందుర్తి,
సోమవారం

అమ్మా ఇంద్రజా,

నువ్వు కోర్టు వరండాలోనే కూర్చున్నావని లాయరమ్మ చెప్పింది. లోపలి సంగతి విని ఉండవు.

ఒట్టు వెయ్యనన్నాను. జైల్లో పెడతారనుకున్నాను. జడ్జిగారు తలైనా ఎత్తకుండా, నిజమే చెబుతానని మాటిస్తే చాలు, చట్టంలో ఉంది అన్నారు. పద్నాలుగు నెలలు నేను దాక్కున్న గోడ, అమ్మా, అక్కడ లేనే లేదు.

తిరుమలరావు లాయరుదీ మన యాసే. "ఒట్టేసినోడికి దేవుడి బయవైనా ఉంటాది. నీకదీ నేదు. నీ మాటెలా నమ్మాలి తాతా?" అన్నాడు.

"ఒకపాలి అబద్దం ఆడీసినాను బాబూ. దాని బరువిదిగో" అని లింకు బల్లమీద పెట్టాను.

లింకు ఉంచుకుని తువ్వాలు నాకిచ్చేశారు. తుప్పు మరక పడింది. మూడుసార్లు ఉతికాను, పోలేదు.

నిన్న మళ్ళీ కాళ్ళు కడిగే ఆదివారం. నా ఎదుటి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. బేసిన్లో గోరువెచ్చని నీళ్ళు చల్లారిపోయాయి. చివరికి నేనే తీసుకెళ్ళి కాలవలో పారబోశాను. నెలాఖరుకి స్థలం ఖాళీ చెయ్యమన్నాడట తిరుమలరావు. అది కూడా నా ఖాతాలోదే అన్నట్టు చూశారు అందరూ. కేసు ఎటు పోతుందో తెలియదు. ఇరవై ఎనిమిదిన మళ్ళీ వాయిదా.

కాంగో ఆవిడకి ఏమని జవాబు రాయమంటావు? నిన్ను అడక్కుండా రాయను. అడక్కుండా ఒకసారి చేసింది చాలు.

వరహాలు మావ


ఆనందపురం,
గురువారం

మావయ్యా,

ఉత్తరాలు పొయ్యిలో పెట్టలేదు.

ఆ కాంగో అమ్మకి రాయండి. భార్య ఫొటోలో లేదు, ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె క్షమించలేదు అని. తిరుమలరావునీ, మామగారినీ కూడా. ఇంతమందిలో ఆ కాంగో అమ్మ ఒక్కర్తే అడిగిందని కూడా రాయండి. కింద నా పేరు పెట్టండి.

ఆ తువ్వాలు ఇంక ఉతక్కండి.

ఇరవై ఎనిమిదిన మొదటి బస్సుకే రండి. సుగరు మాత్ర వేసుకుని పస్తుతో వచ్చారట పోయినసారి, లాయరమ్మ చెప్పారు. అన్నం ఇద్దరికీ తెస్తాను. మీతో మాట్లాడతానని మాత్రం అనుకోకండి.

ఇంద్రజ