కోతలకు సెలవిచ్చిన కంపెనీ

ఫిబ్రవరి 3, ప్రత్తిపాడు

పొద్దున్నే సైటుకి వెళ్తే కాంక్రీటు కలిపే మిల్లరు మిషను ఒక్కటే ఉంది. మనుషుల్లేరు! సెంట్రింగ్ అయింది, ఇనుము కట్టేశారు — స్లాబుకి తట్టలు మోయాల్సిన ఆడవాళ్లంతా మిరప కోతలకి పోయారు. ఎవరి చేలోకి? మాచేత ఈ గోడౌను కట్టించుకుంటున్న వెంకటేశ్వర్లు గారి చేలోకే. పదింటికి ఆయనే ఫోను... "ఏమ్మా, స్లాబు ఎప్పుడు?" నవ్వాలా, ఏడవాలా.

ఫిబ్రవరి 4

గుంటూరు ఆఫీసులో ఏసీ వేసుకుని కూర్చుని, కోతల నెలలో స్లాబు పెట్టుకున్నాం. ఇక్కడే పుట్టి పెరిగి! బావ మండిపడ్డాడు. కంపెనీలో భాగస్తుడు, పైగా అక్క మొగుడు — రెండు విధాలా అరిచే హక్కుంది. "బయటి ముఠాని దింపుదాం. వీళ్లని మళ్లీ సైటు గడప తొక్కనివ్వద్దు."

నేను ఒప్పుకోలేదు.

ఫిబ్రవరి 5

మాకు కూలీల్ని తెచ్చే మస్తాన్ మేస్త్రి ఇంటికి వెళ్లాను. వాళ్లావిడా కోతలకే. ఆయనే టీ పెట్టాడు. "కూలీ ఒక్కటే కాదు మేడమ్, ఏడాది కారానికి కాయలు కూడా ఇస్తారు. ఎట్లా వదులుకుంటారు?"

సరే, ఈ కోత అయ్యేదాకా అందరికీ సెలవు అన్నాను. "నిజంగానా?" రెండుసార్లు అడిగాడు.

ఫిబ్రవరి 6

వెంకటేశ్వర్లు గారికి చెప్పేశాను — మీ కోత అయ్యాకే మీ స్లాబు.  ఆయన పగలబడి నవ్వాడు.

ఫిబ్రవరి 12

బావ మాట్లాడట్లేదు. అక్క ఫోన్లో, "మీ ఇద్దరి మధ్యా నేను నలిగి చస్తున్నానే..." నాకూ లోపల గుబులే. వాళ్లు రాకపోతే?

ఫిబ్రవరి 19

వచ్చారు! అందరూ! చేతులింకా మండుతున్నాయంటూనే తట్టలు అందుకున్నారు. చుట్టాల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. చీకటి పడకముందే స్లాబు పూర్తి. బిర్యానీ వెంకటేశ్వర్లు గారిదే. బావ మస్తాన్ పక్కనే కూర్చుని మళ్లీ వడ్డించుకున్నాడు.

హమ్మయ్య. మంచి మిషన్లుంటే కంపెనీ అదే నడుస్తుందనుకునేదాన్ని. పిచ్చిదాన్ని. వెళ్లినవాళ్లు మళ్లీ మన దగ్గరికే రావాలి... ఇవాళ కడుపు నిండా సంతోషంగా ఉంది.

ఫిబ్రవరి 22

టెండరు వేసిన అమరావతి పని మాకే వచ్చింది! ఇంత పెద్దది ఎప్పుడూ చేయలేదు. బావ ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచుతున్నాడు. ఒప్పందంలో ఒక షరతు — ఏ కారణం చేతా పని ఒక్కరోజు కూడా ఆగకూడదు.

మస్తాన్ మైసూరుపాకు తినకుండా చేతిలోనే పట్టుకుని, "అక్కడికొస్తే వచ్చే ఏడాది కోతలకి పంపిస్తారా మేడమ్?"

"పంపిస్తాను," అన్నాను. బావ వైపు చూడలేదు.