అరగని జిగురు

ఫిబ్రవరి 4

నాన్నకు ఇక మంచినీళ్ళు లేవు. ఆస్పత్రిలో మింగడం నేర్పే థెరపిస్టు తేల్చి చెప్పేసింది. పక్షవాతంతో గొంతు మందగించిందట. పల్చటిది ఏది తాగినా దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుందట. ఒకసారి న్యుమోనియా వచ్చి బయటపడ్డారు, రెండోసారి కూడా అదృష్టం ఉంటుందనుకోకండి మేడమ్ అంది. నీళ్ళైనా టీ అయినా పౌడర్ కలిపి, చిక్కబడ్డాక స్పూన్‌తో తాగాలి.

డబ్బా తిప్పి చూశాను. జాంథన్ గమ్.

ఏ జిగుర్ల మీద నా వారపత్రిక కాలమ్‌లో యుద్ధం మొదలుపెట్టానో, ఆ జిగురే చెప్పులు విప్పుకుని నా వంటింట్లోకి వచ్చింది.

ఫిబ్రవరి 6

ఐస్‌క్రీమ్‌లో గమ్. సాస్‌లో గమ్. పిల్లల చాక్లెట్ పాలలో గమ్. పాలు తగ్గించి నీళ్ళు పెంచుతారు. ఆ నీళ్ళు కనబడకుండా జిగురు వేస్తారు. ఆ చిక్కదనానికి మన దగ్గరే వసూలు చేస్తారు. పైగా దానికి ఫైబర్ అని ముద్దుపేరు. సేఫ్ అట. తేల్చిందెవరు? తేల్చినవాడికి జీతమిచ్చేదెవరు? చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలిపేదీ ఈ గమ్‌నే!

ఈ మాట భోజనాల దగ్గర కాస్త గట్టిగానే అన్నాను. మా ఆయన తలెత్తకుండా, ఆ బురదలో నీళ్ళు కూడా పోస్తారుగా, నీళ్ళు మానేద్దామా అన్నాడు. నాన్నకు నవ్వొచ్చి పొలమారింది. ఈ ఇంట్లో ఇక జోకులు కూడా చిక్కగా కలిపి ఇవ్వాలి.

ఫిబ్రవరి 7

నాన్నకు కడుపుబ్బరం. నేను చెప్పలేదూ!

ఫిబ్రవరి 9

థెరపిస్టుకు ఫోన్ చేశాను. మొదట్లో కొందరికి గ్యాస్ పడుతుంది, సర్దుకుంటుంది, పెద్దవాళ్ళకు ఈ మోతాదులో భయం లేదు అంది. నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లలకైతే వద్దంటామని తనే నోరు జారింది. పట్టుకున్నాను. పసివాళ్ళకు వద్దన్నది ముసలివాళ్ళకు అమృతం ఎలా అయింది? మేడమ్, పసివాళ్ళకు చాలావాటిని వద్దంటాం అని పెట్టేసింది.

సాయంత్రం వేరే డబ్బా కొన్నాను. ఇదీ చిక్కబరిచేదే, కానీ ఉత్త మొక్కజొన్న పిండి. ‘గమ్ లేదు’ అని పెద్ద పచ్చ అక్షరాలు. గమ్ డబ్బాను పై అరలో వెనక్కి తోశాను. ఎవరికీ చెప్పలేదు.

కాలమ్ ముగింపు కూడా దొరికింది: “పిండి ఒంట్లో అరుగుతుంది. గమ్ అరగదు. అరగనిదాన్ని తిండి అనడం ఏ న్యాయం?” ఎడిటర్, అక్కా అదిరింది అన్నాడు.

ఫిబ్రవరి 12

నాన్న బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. స్పూన్ నోట్లో పెట్టుకుని చెయ్యెత్తుతాడు, హోల్డాన్ అన్నట్టు. మింగాక రైట్ రైట్ అంటాడు. స్పూన్ శుభ్రంగా నాకి మళ్ళీ కప్పులో ముంచుతాడు. కప్పు అయ్యేసరికి గంట.

మధ్యలో మా ఆయన్ని బతిమాలడం. అల్లుడుగారూ, ఒక్క గుక్క మామూలు నీళ్ళు, అమ్మడు చూడకుండా. నేను రాగానే మామా అల్లుళ్ళు వాతావరణం గురించి మాట్లాడుకుంటారు.

ఫిబ్రవరి 15

నాన్న దగ్గుతున్నాడు. కప్పు చూశాను. నేనిచ్చినప్పుడు స్పూన్‌కు అంటుకునేంత చిక్కన. ఇప్పుడు సగం కప్పు, ఉత్త నీళ్ళు.

ఎవరో కలుపుతున్నారు.

ఫిబ్రవరి 16

అడిగేశాను. మా ఆయన మొహం పాలిపోయింది. నేను కలపలేదు అన్నాడు. మరి గాలి కలిపిందా అన్నాను. కంపెనీలన్నీ అయిపోయాయా, మొగుడి దాకా వచ్చావు అని చొక్కా తగిలించుకుని బయటికి పోయాడు. నాన్న, పోనీలేవే అమ్మడూ, వాడు మంచోడు అన్నాడు. వెనకేసుకొస్తున్నాడంటే ఇద్దరూ కలిసే చేస్తున్నారు.

ఫిబ్రవరి 17

గాజు కప్పు మీద స్కెచ్ పెన్‌తో గీత గీశాను. నీళ్ళు కలిపితే మట్టం గీత దాటాలి. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మట్టం తగ్గుతూ పోయిందే కానీ పెరగలేదు. చివరికి చూస్తే మళ్ళీ నీళ్ళే.

సాయంత్రానికి నాన్నకు ఒళ్ళు కాలిపోతోంది. ఆస్పత్రికి తీసుకొచ్చాం. మా ఆయనే ఎత్తుకుని కారులో కూర్చోబెట్టాడు.

ఫిబ్రవరి 18

ఊపిరితిత్తిలో నీళ్ళు కొద్దిగా చేరాయట. తొందరగా తెచ్చారు, మందులకు లొంగుతుంది అన్నాడు డాక్టరు.

బట్టల కోసం ఇంటికొచ్చాను. ఎడిటర్ పంపిన ప్రూఫ్ వచ్చి ఉంది. దిద్దుతూ నా వాక్యం దగ్గరే ఆగిపోయాను. పిండి ఒంట్లో అరుగుతుంది. ఒంట్లో ఎక్కడ మొదలవుతుంది అరగడం?

నోట్లో. ఉమ్మితో. బడిలో రొట్టె ముక్క నమిలించి, తియ్యబడిందా లేదా అని అడిగేవారు.

స్పూన్ నాకడం. మళ్ళీ ముంచడం.

రెండు కప్పులు కలిపాను, ఒకటి పచ్చ అక్షరాల పిండితో, ఒకటి పై అరలోని గమ్‌తో. రెండింట్లో ఉమ్మేసి తిప్పి, నించుని చూశాను. పిండి కప్పు కాసేపటికే నీళ్ళైంది. గమ్ కప్పు కదల్లేదు.

అరగకపోవడం దాని నేరమని రాశాను. అరగదు కాబట్టే అది నాన్నకు పనికొస్తుంది. అందరి లేబుళ్ళనూ చీల్చి చెండాడేదాన్ని, నాకు నచ్చిన మాట అచ్చేసిన లేబుల్‌ని కళ్ళు మూసుకుని నమ్మాను.

ఫిబ్రవరి 19

థెరపిస్టుకు డబ్బా చూపించాను. అరవలేదు. ఒక కాలమ్‌కి పదిమందికి ఫోన్ చేస్తారట కదా మేడమ్, నాన్నగారికి డబ్బా మార్చేముందు ఒక్కటి చేయాల్సింది అంది. అరిచినా బాగుండేది.

ఫిబ్రవరి 20

కాలమ్ వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ రాస్తాను. నీళ్ళకు జిగురేసి పాలంటూ అమ్మేవాడి మీద ఒక్క మాటా తగ్గించను. ఎడిటర్ విసుక్కున్నాడు. అక్కా, ఇంతకీ గమ్ మంచిదా చెడ్డదా, ఒక్క ముక్కలో చెప్పు అన్నాడు. ఎవరి కప్పులో అన్నాను.

మా ఆయనకు సారీ చెప్పాను. అచ్చులో కావాలట.

ఫిబ్రవరి 23

నాన్న ఇంటికొచ్చాడు. గీత ఉన్న కప్పే కావాలన్నాడు. గమ్ కలిపిచ్చాను, చివరి స్పూన్ దాకా చిక్కగానే ఉంది. రైట్ రైట్.

నేను ఉమ్మేసిన గమ్ కప్పు ఇంకా కిటికీలోనే ఉంది. పారేయలేదు. వచ్చేపోయేటప్పుడు కదిపి చూస్తున్నాను.