వెనకనుంచి చింపిన నవల

గౌలిపుర

ప్రహ్లాద్ అన్నా,

మీరు నడిపే పుస్తకాల వాట్సాప్ గ్రూపు నుంచి నన్ను తీసేసి నంబర్ సుత బ్లాక్ చేసిన్రు. ఉప్పుగూడల మీ దుకాణం అడ్రస్ ఉన్నది గనుక పోస్టుల రాస్తున్న.

"నవలల నర్సు ఆఖరికి చచ్చిపోతది. ఈమేమో నర్సు ఇంటికి తిరిగొచ్చిందని రాసింది. చదవకుంటనే రివ్యూ పెట్టింది" అని మూడు వందల మంది ముందల నన్ను అబద్ధాలకోరును చేస్తరా?

మాది మిర్చి బజ్జీల బండి. పొట్లాలకు చిత్తుకాయితాలమ్మే రద్దీ దుకాణంల పాత పుస్తకాలు తెస్తం. బజ్జీలు కాలేలోపు నేను ముందటి నుంచి పైకి చదువుత. చదువు రాని మా అత్త మాణిక్యమ్మ ఇనుకుంట, వెనకనుంచి కాయితాలు చింపి పొట్లం కడతది. గది మా ఒప్పందం. ఆ నర్సు నవల చదివిన రోజు వాన పడ్డది, గిరాకీ మస్తుగొచ్చింది. నేను రెండు వందల పదో పేజీల ఉండంగనే ఆఖరి కాయితాలన్నీ బజ్జీలతోని పోయినయ్.

"నర్సు ఏమయ్యింది బిడ్డా?" అని అత్త అడిగింది. ఇంటికొచ్చిందని చెప్పిన. గదే గ్రూపుల రాసిన. గది నా తప్పే. కానీ కాగే నూనె ముందల నిలబడి రెండు వందల పది పేజీలు చదివినదాన్ని పట్టుకొని చదవలేదంటే ఎట్ల ఊకుంట?

నన్ను మళ్ల చేర్చుకోకున్రి. బ్లాక్ తీసి ఆ ఆఖరి పేజీల ఫోటోలు పంపున్రి, చాలు. ఆమె నిజంగనే చచ్చిపోతే నేనొక్కదాన్నే చదువుకుంట. అత్తకు చెప్పింది మాత్రం మార్చ.

ఇట్లు,
చదివిన మనిషి