రాణిగారి గోడకు తూటు

మెదక్,
13 జూన్ 2011.

మహల్ రిపేరు జేపిస్తున్న పెద్ద సారుకు,

మెదక్ నుంచి యాదవ్వ రెండు చేతులెత్తి దండం పెట్టి రాపిస్తున్నది. నేను బాగున్న, మోకాళ్ళు తప్ప. మీరు, మీ ఇంటోళ్ళు బాగున్నరనుకుంట.

సంగతేందంటే, మా ఊర్ల కొత్తమహల్ బాగు జేస్తున్నరు గద. మంచిదే. నిన్న గేటుల నుంచి తొంగి చూస్తె మేస్త్రీ గోడల తూట్లన్ని గచ్చు పెట్టి మూస్తుండు. నా పాణం ధస్సుమన్నది. రాణి శ్యామలాంబగారి పడకగదికీ బయట వరండాకూ నడుమ గోడల ఒక తూటు ఉన్నది. పంకా తాడు వచ్చే తూటు. నా పిడికిలంత ఉంటది. దాన్ని మాత్రం ముట్టకుండ్రి. మిగతా మహలంత మీ ఇష్టం, కూలగొట్టినా అడగ.

ఆ గదికాడ నేను పదకొండేండ్లు ఉన్న. ఎందుకు మూయొద్దో మాత్రం అడగకుండ్రి, చెప్ప.

వేలిముద్ర వేసినది,
యాదవ్వ.

తా.క. (ఇది అవ్వకు తెల్వకుండ రాస్తున్న): ఆదాబ్ సాబ్. నేను తాహెర్. బస్టాండ్ ఎదురుంగ జిరాక్స్ దుకాణం నాది. అవ్వకు సదువు రాదు, ఆమె చెప్తె నేను రాస్తున్న. తూటు అన్న మాట వచ్చిన కాడల్ల ఎర్రపెన్నుతోని రాయమన్నది. ఎర్రపెన్ను అయిపోయింది. జల్ది జవాబియ్యుండ్రి. జవాబు వచ్చేదాక అవ్వ నా స్టూలు ఇడిచేటట్టు లేదు.

* * *

హైదరాబాద్,
4 జూలై 2011.

శ్రీమతి యాదవ్వ గారికి,

విషయం: కొత్తమహల్ గోడలో రంధ్రంపై మీ ఫిర్యాదు.

మీ లేఖ అందినది. సదరు రంధ్రాన్ని మా దృష్టికి తెచ్చినందుకు కృతజ్ఞతలు. దానిని అత్యంత ప్రాధాన్యంతో పూడ్పించవలసిందిగా మేస్త్రీకి ఆదేశాలు జారీ చేయడమైనది. భవిష్యత్తులో కూడా ఇలాంటి రంధ్రాలు మీ కంటపడితే తెలియజేయగలరు.

భవదీయ,
(సంతకం)
సహాయ ఇంజనీరు, మహల్ పునరుద్ధరణ విభాగం.

తా.క.: పైదంతా మా టైపిస్టు చేసిన ఉత్తరం. ఇది నేను చేత్తో రాస్తున్నాను. రాణిగారి గది వద్ద పదకొండేళ్ళు ఉన్నానన్నారు. ఆ అంతఃపురంలోకి అప్పట్లో ఫొటో తీసేవాళ్ళను కూడా రానివ్వలేదట. లోపల ఎలా ఉండేదో చెప్పే కాగితం ముక్క మా దగ్గర ఒక్కటీ లేదు. మీకు గుర్తున్నది చెప్పగలరా?

* * *

మెదక్,
18 జూలై 2011.

సంతకం అర్థం గాని సారుకు,

యాదవ్వ దండం పెడ్తలేదు, కోపంగ ఉన్నది.

ఏం సారూ, నేను మూయకుండ్రి అంటె మీరు ముందుగాల్ల దాన్నే మూస్త అంటరా? ఇంతకన్న నేను రాపియ్యకపోతెనే మంచిగుండె. మేస్త్రీకి ఏమో ఎర్కలేకుండె, ఇప్పుడు మీరే చూపించినట్టాయె. రోజు పొద్దుగాల పోయి గేటు కాడ కూసుంటున్న, వాడు ఆ గోడ దిక్కు పోతె చాలు, ఒర్రుతున్న.

ఇగ గది సంగతి అడిగిండ్రు. తూటు ఉంచుత అంటె చెప్త. సరే, ముందే చెప్తున్న, మీరు మాట మీద ఉండుండ్రి. గోడలు నీలం. ఉట్టి నీలం గాదు, నెమలి మెడ నీలం. మంచం తలాపున ఇరవయ్యొక్క అద్దాలు. ఒక్క దీపం ముట్టిస్తె ఇరవయ్యొక్క దీపాలైతయి. నడుమ ఉయ్యాల, దానికి వెండి గొలుసులు. కిటికీ తెరిస్తె చర్చి శిఖరం కండ్ల ముందలనే. రాణి ఉయ్యాల మీద కూసోని శిఖరం చూసుకుంట తల దువ్వుకునేది. ఇంత ముద్దుగ ఉన్న గది నిజాం కోటల గూడ ఉండకపోవచ్చు.

తూటు మూస్తె మీ పాపం మీదే.
యాదవ్వ.

తా.క.: సాబ్, తెలంగాణ బంద్ లు, రాస్తారోకోలతోని పోస్టు డబ్బా ఖాళీ జేసుడే బంద్ అయ్యింది, ఉత్తరం ఆలస్యమైతె నారాజ్ కాకుండ్రి. అవ్వ గది గురించి చెప్తుంటె దుకాణంల జిరాక్స్ కు వచ్చినోళ్ళంత ఆగి విన్నరు. ఒకాయన తన కాగితాలు మరిచి అవ్వ మాటలు తీస్కపోయిండు.
— తాహెర్

* * *

హైదరాబాద్,
16 ఆగస్టు 2011.

అమ్మా యాదవ్వ గారూ, నమస్కారం.

ముందుగా, నేను సారును కాను. నా పేరు లలిత. సంతకం అలా ఉంటుంది, ఏం చేయను.

మీకు క్షమాపణ చెప్పుకోవాలి. మా ఫారంలో 'చేయవలసిన పని' అని ఒక గడి ఉంది. 'చేయకూడని పని' అనే గడి లేదు. అందుకని మీరు ఏది రాసినా పనిగానే వెళ్ళిపోతుంది. జారీ అయిన ఆదేశాన్ని రద్దు చేయడం పై అధికారి చేతిలో ఉంది. అందాకా ఆ గోడ దగ్గరికి వచ్చినప్పుడల్లా టీ తాగమని మేస్త్రీకి ఫోనులో చెప్పాను. రోజుకు ఆరు టీలు తాగుతున్నాడట.

మీరు చెప్పిన గది చదివి మా ఆఫీసు అంతా మురిసిపోయింది. నీలం రంగు నమూనా డబ్బా, ఇరవై ఒక్క అద్దాలు తెప్పించాను. తీసుకున్నట్టు నేనే సంతకం పెట్టాను. వెండి గొలుసుల సంగతి ఇంకా నలుగుతోంది.

ఒక్కటే చిక్కు. రాణిగారి పడకగది ఇంత వివరంగా తెలిసినవారు ఆమె దగ్గరి చుట్టాలే అయి ఉంటారని మా పై అధికారి తేల్చారు. అందుకని మిమ్మల్ని వారసుల జాబితాలో చేర్చారు. మహల్ మీద మీకు ఏ హక్కూ వద్దని అఫిడవిట్ పంపాలట. అది వస్తేనే మీ తూటు ఫైలు కదులుతుంది.

మీ,
లలిత.

* * *

మెదక్,
9 సెప్టెంబర్ 2011.

బిడ్డా లలితా,

సల్లగుండు. ముందే ఆడిబిడ్డవని చెప్తె అన్ని తిట్లు తిట్టకపోదును. రాసిన తిట్లు కొన్నే, తాహెర్ రాయనియి మస్తున్నయి.

చుట్టమేంది బిడ్డా? నేను పంకా గుంజినదాన్ని. రాణి గదిల పెద్ద గుడ్డ పంకా పైన దూలానికి వేలాడేది. దాని తాడు ఆ తూటుల నుంచి వరండాలకు వచ్చేది. నేను బయట కూసోని గుంజేదాన్ని. రాణి లోపటి నుంచి ఒక్కసారి తాడు గుంజితె మెల్లగ అని. రెండుసార్లు గుంజితె జోరుగ అని. మూడుసార్లు గుంజితె, 'యాదీ, ఉన్నవా? మాట్లాడుదాం' అని. పదకొండేండ్లు నాకు వేరే భాష లేకుండె.

నాకు మహలెందుకే? ఊడ్వనీకె నడుము వంగుతదా? నా రెండర్రల ఇల్లే వానకు కురుస్తున్నది. అఫిడవిట్ పంపుతున్న. మహల్ నాకొద్దు, తూటు చాలు అని రాపిచ్చి వేలిముద్ర వేసిన.

యాదవ్వ.

తా.క.: మేడం, నోటరీ సాబ్ ముప్పై ఏండ్లల్ల ఇసొంటి అఫిడవిట్ చూడలేదని నెత్తి పట్టుకున్నడు. అవ్వ మహల్ కు వారసురాలని ఊరంత తెలిసింది. చేగుంట నుంచి ఇద్దరు వచ్చి ప్లాట్లు ఎప్పుడు జేస్తవని అడిగిండ్రు. రోడ్డు మీద వంటావార్పుకు పిలిచి అవ్వను దొరసాని పక్కకు జరుగు అన్నరు. అవ్వ గంటె తీసుకొని ఎంబడి వడ్డది. పదమూడు తారీఖు సంది సమ్మె షురూ అంటున్నరు, మీ ఆఫీసు కూడ బందేనా?
— తాహెర్

* * *

హైదరాబాద్,
14 నవంబర్ 2011.

యాదవ్వ గారికి,

సమ్మె అయిపోయింది. నలభై రెండు రోజులు మా ఆఫీసుకు తాళమే. నేనూ గేటు ముందు బతుకమ్మ ఆడాను. తిరిగి రాగానే మీ మెదక్ వచ్చి ఆ గది చూశాను. మిమ్మల్ని కలవకుండానే వెనక్కి వచ్చేశాను. ఎందుకో ఈ ఉత్తరంలో రాయాలి.

గోడకు ఏడు పూతలున్నాయి. ఒక్కొక్కటీ గీకించాను. ఏడూ తెల్ల సున్నమే, నీలం జాడ ఎక్కడా లేదు. అద్దాలకు కొట్టిన మేకు గుర్తు ఒక్కటీ లేదు. పైన దూలానికి పంకా కొక్కెం ఉంది గాని ఉయ్యాల కొక్కేలు లేవు. చర్చి వైపు గోడకు అసలు కిటికీయే లేదు, పైన ఎత్తులో రెండు గాలి సందులు మాత్రం ఉన్నాయి. తలుపుకు లోపల గడియ లేదు. బయట రెండున్నాయి.

ఇరవై ఒక్క అద్దాలు నా సంతకంతో స్టోర్లో ఉన్నాయి. పై అధికారి రోజూ వాటిలో మొహం చూసుకుని నన్ను పిలిచి తిడుతున్నారు. నా బాధ అది కాదు. వరండాలో కూర్చున్న మీరు ఆ గదిలోకి ఎప్పుడు వెళ్ళారమ్మా? నాకెందుకు అబద్ధం చెప్పారు?

లలిత.

* * *

మెదక్,
21 నవంబర్ 2011.

బిడ్డా లలితా,

నీ ఉత్తరం తాహెర్ చదివిండు. ఇంకోసారి చదువుమన్న. మూడోసారి చదువుమంటె కాగితం నా చేతుల వెట్టిండు.

నేను ఆ గదిలకు ఎన్నడు పోలే. పంకా గుంజేటోళ్ళకు లోపలికి హుకుం లేదు. రాణి మొఖం గూడ నేను చూడలే.

నేను వచ్చి కూసున్ననాడు నాకు పన్నెండేండ్లు. మా అమ్మ పోయి నెల గాలే. ఏడ్చుకుంట గుంజుతున్న. లోపటి నుంచి తాడు మూడుసార్లు గుంజినట్టయ్యింది. తూటుల నుంచి మాట వచ్చింది. "ఎందుకేడుస్తున్నవు పిల్లా? కండ్లు తుడుచుకో, నా గది ఎట్లున్నదో చెప్త విను" అన్నది. అట్ల మొదలువెట్టింది. ఒకనాడు నీలం గోడలు, ఒకనాడు అద్దాలు, ఒకనాడు ఉయ్యాల. రోజుకొకటి చెప్పి నా ఏడుపు మాన్పించింది.

బయట గడియలు నేను రోజు చూస్తనే ఉంటి గద బిడ్డా. రాణి పెనిమిటి దొర ఇంకొకామెను తెచ్చుకున్నడు, ఈమెను గదిల పెట్టి గడియ వెట్టిండు. అది గది గాదు, ఖైదు అని నాకు రెండేండ్లకే సమజైంది. అయినా ఒక్కనాడు అడగలే. నువ్వు అడిగితె ఆమె చెప్పిందే చెప్పిన. రాణి మాట అబద్ధమని ఎట్ల రాపియ్యాలె?

నేను గూడ తక్కువదాన్ని గాదు. "బయటేముందే యాదీ?" అని అడిగేది. కరువొచ్చిన ఏడు చెరువు అలుగు పారుతున్నదని చెప్పిన. పెండ్లి ఊరేగింపుల ఏనుగు పోతున్నదని చెప్పిన. మెదక్ ల ఏనుగేడిది? తొండం ఎంత పొడుగున్నదే అని అడిగితె చెయ్యి చాపి చూపించిన, ఆమెకు కానరాదని మరిచి.

ఆమెకు ఒక తమ్ముడుండె, నర్సాపూర్ దిక్కు. వచ్చి తీస్కపోతనని ఒక్కసారి కబురంపిండట. ఇగ రాలే. రోజు అడిగేది, రాలేదని చెప్పేదాన్ని. ఆ ఒక్కదాంట్ల అబద్ధమాడలే. ఆంధ్రతోని కలిపిన మరుసటేడు ఎండకాలంల జ్వరం వట్టింది. పది రోజులు అన్నం తినలే. ఒకనాడు పగటీలి తాడు మూడుసార్లు కదిలింది. "యాదీ, మా తమ్ముడొచ్చిండా?" అన్నది. నా నోట్లకెల్లి వచ్చేసింది. "వచ్చిండు రాణమ్మా, గేటు కాడ కాళ్ళు కడుక్కుంటుండు" అన్న. "జర ఆగుమను, తల దువ్వుకుంట" అన్నది. దాని తర్వాత తాడు కదలలే. దాసి పోయి చూస్తె చేతిల దువ్వెన ఉన్నదట. బట్ట కప్పి వేరే తొవ్వకెల్లి తీస్కపోయిండ్రు.

యాభై నాలుగేండ్లాయె. మహల్ కు తాళం పడ్డది, ఇప్పుడు మీరు తెరిచిండ్రు. ఆ తూటుకు నోరు వెట్టి ఒక్క మాట చెప్పాలె బిడ్డా. నీ తమ్ముడు రాలే, నేనే అబద్ధమాడిన అని. తల దువ్వుకోని ఎదురుచూస్తనే పాయె గద. మీరు మూస్తె నేను ఏడ జెప్పుకోవాలె?

యాదవ్వ.

తా.క.: మేడం, ఇయ్యాల దుకాణం బంద్ పెట్టిన.
— తాహెర్

* * *

హైదరాబాద్,
2 డిసెంబర్ 2011.

అవ్వా,

మీ ఉత్తరం ఆఫీసులో చదవలేకపోయాను, ఇంటికి తీసుకెళ్ళి చదివాను. అబద్ధం చెప్పారని రాసినందుకు నన్ను క్షమించండి.

ఫారంలో 'చేయవలసిన పని' గడిలో ఈసారి నేనే రాశాను: 'గోడ రంధ్రంలో పంకా తాడు దూర్చవలెను.' ఫైలు మూడు రోజుల్లో తిరిగివచ్చింది. తూటు ఉంటే తప్ప తాడు దూరదు కాబట్టి తూటు ఇప్పుడు సర్కారు పని. ఇక ఎవరూ మూయలేరు.

గోడలు తెల్లగానే ఉంచుతున్నాం. బయటి గడియలు కూడా ఉంచుతున్నాం, చూసేవాళ్ళకు తెలియాలి. పంకా మాత్రం కట్టించాను. వచ్చే గురువారం మధ్యాహ్నం రండి. మేస్త్రీని పంపించేస్తాను, గదిలో ఎవరూ ఉండరు. మీరిద్దరే మాట్లాడుకోండి. తర్వాత ఒక్కసారి లోపలికి వచ్చి గది చూడండి.

మీ లలిత.

* * *

మెదక్,
10 డిసెంబర్ 2011.

నా బిడ్డ లలితకు,

పోయి వచ్చిన. వరండాల నా జాగలనే కూసున్న. కూసునుడు ఐంది గని లేసుడు కాలే, తాహెర్ లేపిండు.

తూటుకు నోరు వెట్టి అంత చెప్పిన. చెరువు పారలేదని చెప్పిన. ఏనుగు లేదని చెప్పిన. తమ్ముడు రాలేదని చెప్పిన. ఆఖరు మాటకు నాకు ఏడుపొచ్చింది. అప్పుడు తాడు మూడుసార్లు కదిలింది.

గుంజింది నువ్వని నాకెర్కే బిడ్డా. రాణి చెయ్యి గంత మోటుగ ఉండకపోయేది. పైంగ నువ్వు ముక్కు చీదుడు గూడ వినవడ్డది. గదిల ఎవరుండరని రాస్తివి గద, నువ్వు గూడ మాలెక్కనే అబద్ధమాడి దొరికినవు. ఏమన్న గాని, నేను తిరిగి మూడుసార్లు గుంజిన. నా పాణం జర తేలికైంది.

లోపలికి రమ్మన్నవు, నేను రాలే. కోపం జెయ్యకు. యాభై నాలుగేండ్ల సంది నాకాడ ఆ గది నీలంగ ఉన్నది. చూసి వస్తె తెల్లగైతది.

నువ్వు మంచిగుండాలె.
యాదవ్వ.

తా.క.: మేడం, మీ అద్దాల ముచ్చట విని అవ్వ మస్తు నవ్వింది, ఇరవై ఒకటి ఉన్నయా లెక్కవెట్టుమన్నది. ఇప్పుడు ఆమె ఇంట్ల సున్నంల నీలిమందు కలిపి గోడకు ఏస్తున్న. నెమలి మెడ రంగు రాలేదని రెండుసార్లు కడిగించింది. ఇది మూడోసారి. వచ్చినోళ్ళకు రాణిగారి గది గిట్లనే ఉండె అని చెప్పుమన్నది. చెప్తున్న.
— తాహెర్